చెల్లి మెడలో నాటిన గింజ

కూర్చోవే అమ్మడూ. మంచం మీద కాదు, ఆ కుర్చీ ఇటు లాక్కుని నా ఎదురుగా కూర్చో. ఫోను బోర్లా పెట్టు. నేను చెప్పేది సరిగ్గా విను, విన్నది విన్నట్టు లాప్టాప్లో టైపు చెయ్యి. మధ్యలో నీ మెడికల్ కాలేజీ మాటలు ఇరికించకు, కావాల్సినప్పుడు నేనే అడుగుతాను. గొంతు తగ్గించి చెబుతాను, ఎందుకంటే చిన్నమ్మమ్మ వంటింట్లో ఉంది. దాని చెవులు పాముచెవులు.

చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి ముందిది రాయి. చిన్నమ్మమ్మ అంటే నా చెల్లెలు. ఇద్దరం పామర్రు దగ్గర పల్లెలో పుట్టాం. మా నాన్నది వరి వ్యవసాయం. కాలవ గట్టు మీద పెరిగిన పిల్లలం, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు తియ్యాలో మాకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది. తర్వాత అది పెళ్ళి చేసుకుని బెజవాడ వచ్చేసింది. మా మరిదిగారికి ఆటోనగర్లో లారీ స్పేరు పార్టుల షాపు. పిల్లల్లేరు. మీ తాతయ్య పోయాక ఇద్దరూ వచ్చి, "ఒక్కదానివీ అక్కడెందుకు, మాతో ఉందువుగాని రా" అని నన్ను పటమటలో ఈ ఫ్లాటుకి తీసుకొచ్చారు. అప్పట్నుంచీ ముగ్గురం.

నేను చెప్పబోయేదల్లా ఒకే ఒక్క సంగతి. చెల్లి మెడలో ఒక గింజ నాటారు. అది బతికితే చెల్లి మామూలు మనిషవుతుంది. బతక్కపోతే బతికున్నన్నాళ్ళూ మాత్రల మీద, సూదుల మీద, భయం మీద బతకాలి. ఆ గింజ కోసమే మేం ముగ్గురం రెండేళ్ళుగా కాచుక్కూర్చున్నాం.

మొదట అది గడ్డ అని మాకెవరికీ తట్టలేదు. చెల్లి మెడ కాస్త నిండుగా కనపడేది, అంతే. ఎవరింట్లోనో గృహప్రవేశానికి వెళితే వాళ్ళావిడ, "మీ మెడకి ఆ కంటె ఎంత బాగా నప్పిందండీ, మా మెడలు చూడండి కొంగ మెడలు" అంది. చెల్లి మురిసిపోయింది. ఇంటికొచ్చాక కూడా అద్దంలో చూసుకుంది. ఆ తర్వాత ముద్ద మింగితే అడ్డం పడ్డం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. చూపిస్తే స్కానింగన్నారు, సూది గుచ్చి ముక్క తీశారు, థైరాయిడ్ మొత్తం తీసెయ్యాలన్నారు.

ఆపరేషను ముందు రోజు డాక్టరుగారు మమ్మల్ని కూచోబెట్టి చెప్పారు. "థైరాయిడ్ వెనకాల బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయమ్మా. కాల్షియాన్ని చూసుకునేవి అవే. వాటిని కాపాడ్డానికి ప్రయత్నిస్తాం. గడ్డ పెద్దది, వాటిని అతుక్కుని ఉంటే మాత్రం కష్టం."

"ప్రయత్నిస్తాం" అనే మాట డాక్టర్ల నోట్లోంచి వస్తే దానర్థం నాకు అప్పటికింకా తెలియదు.

ఆపరేషనయ్యాక ఆయన బయటికొచ్చి చెప్పింది ఇదీ. గడ్డతో పాటు రెండు గింజలు వచ్చేశాయి. ఒకటి నలిగిపోయింది. మిగిలిన ఒక్కదాన్నీ ముక్కలుగా కోసి మెడ పక్క కండలో నాటారు.

మా మరిదిగారు అప్పటిదాకా గోడకానుకుని నేల చూపులు చూస్తున్న మనిషి, "నాటారా అండీ?" అని తలెత్తారు.

"అవునండీ. ఆ కండలో రక్తం అందితే పట్టుకుంటుంది. మళ్ళీ పని మొదలుపెడుతుంది."

"మూన తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

డాక్టరుగారికి అర్థంకాలేదు. ఆయనది ఏ ఊరో మరి. నేను చెప్పాను, "నాటిన వరినారు వేరు పట్టుకుని, పసుపు రంగు పోయి పచ్చబడితే మూన తిరిగిందంటామండీ."

ఆయన నవ్వారు. "బాగుందమ్మా మాట. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. కొందరికి పట్టదు కూడా."

ఆ చివరి మాట మా మరిదిగారు వినలేదు. నేను విన్నాను.

మర్నాడు చెల్లికి పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు మొదలైంది. కాసేపటికి చేతివేళ్ళన్నీ దగ్గరికొచ్చి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మణికట్టు కిందకి వంగిపోయింది. నేను విప్పబోతే రాలేదు. కొయ్యని పట్టుకున్నట్టుంది. నర్సమ్మ పరుగున వచ్చి సూది పెట్టి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కాల్షియం ఎక్కించింది. ఎక్కుతుంటే వేళ్ళు ఒక్కోటీ వాటంతటవే విడిపోయాయి. చెల్లి చెయ్యి తిప్పి చూసుకుని, "నాది కాదనుకున్నానక్కా" అంది.

ఆ సాయంత్రం నువ్వొచ్చావు, గుర్తుందా? నేను నిన్ను వరండాలోకి లాక్కెళ్ళి అడిగాను, గొంతులో గడ్డ తీస్తే చేతులు కొంకర్లు పోవడమేంటే అని. నువ్వు టిఫిన్ క్యారేజీ మూత తీసి, తడి వేలితో దాని మీద ఒక గుండ్రం గీశావు.

"ఇది థైరాయిడ్లో ఒక కణం అనుకో అమ్మమ్మా. చిన్న గది. బయట రక్తంలో కాల్షియం బోలెడుంటుంది. గది లోపల దాదాపు ఏమీ ఉండదు."

"లోపలికి రానివ్వరా?"

"రానివ్వదు. గోడకి తలుపులుంటాయి, మామూలప్పుడు మూసే ఉంటాయి. పొరపాట్న కాస్త కారినా పంపులు బయటికి తోడేస్తాయి. గది లోపల ఒక సంచీ ఉంటుంది, కొంచెం కాల్షియం దాన్లో దాచుకుంటుంది."

నాకు మా పొలం కళ్ళ ముందుకొచ్చింది. బయట కాలవ గట్లొరుసుకుని పారుతుంటుంది, గట్టుకి ఇవతల మడి ఎండి ఉంటుంది, మధ్యలో తూము బిగించి ఉంటుంది. అదే అన్నాను. "బయట అంత పెట్టుకుని లోపల ఎండబెట్టుకోడం దేనికే?"

నువ్వు చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది. "లోపల ఎప్పుడూ నిండుగా ఉంటే కొత్తగా వచ్చింది తెలియదుగా అమ్మమ్మా. ఏమీ లేని చోట చిటికెడు వచ్చినా కబురందుతుంది. కాల్షియం అక్కడ సరుకు కాదు, కబురు."

తర్వాత కూడా చెప్పావు. థైరాయిడ్ పని చెయ్యాలని తలలోంచి ఆర్డరు వస్తుంది. అది రాగానే ముందు గదిలో సంచీ మూతి విప్పుకుంటుంది. సంచీ ఖాళీ అవుతోందని తెలియగానే గోడకి తలుపులు తెరుచుకుంటాయి. బయట కాచుకున్న కాల్షియం బిలబిలా లోపలికొస్తుంది. అది తగలగానే కణం తన పని అందుకుంటుంది, అయోడిన్ని పట్టుకుని థైరాయిడ్ హార్మోను తయారుచేస్తుంది. పని మొదలైందో లేదో పంపులు తిరిగి తోడెయ్యడం మొదలెడతాయి. కొంత బయటికి, కొంత మళ్ళీ సంచీలోకి. రోజంతా ఇదే. తెరవడం, ముయ్యడం, తోడడం.

"సరే, ఆ గదులన్నీ కోసి అవతల పారేశారుగా. ఇంక కాల్షియంతో గొడవేముంది?" అన్నాను.

"గొడవ వెనకాల గింజలతో. వాటి గోడల మీద కాపలా ఉంటుంది. రక్తంలో కాల్షియం ఎంతుందో క్షణం క్షణం చూస్తుంటాయి. తగ్గిందా, వెంటనే ఎముకలకి చెబుతాయి కొంచెం వదలమని, కిడ్నీలకి చెబుతాయి పారబొయ్యొద్దని. ఇప్పుడు చూసేవాళ్ళు లేరు."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. కాలవ లాకుల దగ్గర లస్కరు ఉంటాడు. నీటిమట్టం చూసుకుంటూ తలుపులు ఎత్తడం, దించడం అతని పని. లస్కరు లేని లాకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక రోజు పొలాలు మునుగుతాయి, ఒక రోజు శివారు పొలానికి చుక్కందదు. రక్తంలో మట్టం పడిపోతే నరాలు ఎవరూ చెప్పకుండానే కొట్టుకుంటాయని, అందుకే చెయ్యి ముడుచుకుపోయిందని నువ్వన్నావు. నువ్వు గీసిన బొమ్మ అప్పటికే ఆరిపోయింది. మూత మామూలు మూతయింది.

ఇంటికొచ్చాక మా ఇల్లు మాత్రల చుట్టూ తిరగడం మొదలైంది. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర. దానికీ కాల్షియానికీ పడదు, కాబట్టి కొన్ని గంటలు ఆగి కాల్షియం. అన్నంతో మళ్ళీ. విటమిన్ డి వేరే. రాత్రి మళ్ళీ. చెల్లి పొద్దున్న లేస్తూనే మొహం కూడా కడక్కుండా నా మంచం దగ్గరికొచ్చేది. మెడ పక్క వేలు పెట్టి, "చూడవే అక్కా, మూన తిరిగిందంటావా?" అనేది.

"పైకి కనపడుతుందా ఏంటే అది?"

"ఏదో బరువుగా ఉంది మరి ఇక్కడ."

"బరువుగా ఉంటే మంచిదే."

రక్తం పరీక్ష చేయించినప్పుడల్లా ఒకటే ఫలితం. గింజ నుంచి రావాల్సిన కబురు లేదు. మరిదిగారు రిపోర్టు మడతపెట్టి జేబులో పెట్టుకుని, "ఈ సారికి లేదన్నమాట" అనేవారు. ప్రతిసారీ అదే మాట.

ఇంక శుక్రవారం సంగతి రాయి. పోయినేడు శ్రావణమాసం. కింది ఫ్లాటు టీచరమ్మగారింట్లో ఆడవాళ్ళంతా చేరి పారాయణం పెట్టుకున్నారు. ఆవిడ రిటైరయ్యారు గానీ బెత్తం ఒక్కటే ఇచ్చేశారు, గొంతు ఇవ్వలేదు. చెల్లి కూడా వెళ్ళింది. అమ్మవారి ముందు ఖాళీ కడుపుతో కూర్చోవాలని పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మాత్ర కూడా కడుపులోకి పోయేదే కదా, అందుకని అదీ వేసుకోలేదు. నేను వాళ్ళ వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. నాకీ సంగతి తెలియదు.

వీళ్ళు చదువుతున్నారు. టీచరమ్మగారు ఎప్పుడూ వేగం పెంచేస్తారు, అందరూ ఊపిరి తియ్యడానికి కూడా లేకుండా ఆవిడ వెంట పరుగెత్తాలి. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా అరుపులు.

"అమ్మవారొచ్చిందండీ! చెయ్యి చూడండి, చెయ్యి!"

"అభయహస్తం!"

"అభయహస్తమంటే వేళ్ళు పైకుండాలండీ. అది ముద్ర."

"ఏ ముద్రైతేనేం లెండి, ముందు హారతి పట్టుకురండి!"

నేను పులిహోర చేత్తోనే పరుగెత్తుకొచ్చాను. చెల్లి గోడకి చేరబడి ఉంది. రెండు చేతులూ మణికట్ల దగ్గర వంగి, వేళ్ళు మొగ్గల్లా ముడుచుకుని ఉన్నాయి. పెదాలు వణుకుతున్నాయి. కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోశారు. నుదుటి మీద ఇంత కుంకం మెత్తారు. నాలుగో ఫ్లోరావిడ చేతులు జోడించి, "తల్లీ, మావాడికి ఈ యేడన్నా సంబంధం కుదురుతుందా?" అని అడుగుతోంది. చెల్లి గడ్డం వణికింది. "ఊఁ అంది, ఊఁ అంది!" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకొకావిడ వెనకాల నుంచి, "మన లిఫ్టు సంగతి కూడా అడగండి, అసోసియేషనువాళ్ళ వల్ల కావట్లేదు" అంది.

"అమ్మవారూ లేదు ఏమీ లేదు! కాల్షియం తగ్గింది! జరగండి!" అన్నాను.

టీచరమ్మగారు నా వైపు తిరిగారు. "అలా అనకూడదండీ. పెద్దవారు, మీకు చెప్పాలా?"

"మీరు అడగాల్సింది ఆవిడని కాదండీ, ఆటోవాణ్ణి. ఎవరైనా కిందికెళ్ళి పిలవండి."

లిఫ్టు పనిచెయ్యదుగా, చెల్లిని కుర్చీలో కూచోబెట్టి మెట్లమీంచి దించారు. దించుతున్నంతసేపూ ఒకావిడ వెనకాలే హారతి తిప్పుతూ వచ్చింది. ఆస్పత్రిలో అమ్మాయి పసుపు కాళ్ళూ కుంకం మొహం చూసి, "పెళ్ళిలోంచి తీసుకొచ్చారా అండీ?" అంది. సూదిమందు నెమ్మదిగా ఎక్కించారు. మాత్ర మానడం ఒకటి, ఆపకుండా గబగబా చదవడం ఇంకోటీ అని డాక్టరుగారన్నారు. వేగంగా ఊపిరి పీలిస్తే రక్తంలో పనికొచ్చే కాల్షియం ఇంకా తగ్గుతుందట. నువ్వు కూడా అవునన్నావు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. తర్వాతి శుక్రవారం పొద్దున్నే బెల్లు మోగింది. తలుపు తీస్తే నాలుగో ఫ్లోరావిడ, చేతిలో కొబ్బరికాయ, రవికెల గుడ్డ. వాళ్ళబ్బాయికి సంబంధం వచ్చిందట. ఆ పై శుక్రవారం ఆవిడ వెంట ఇంకో ఇద్దరు. ఆ తర్వాత హనుమాన్ జంక్షన్ నుంచి బస్సెక్కి ఒకావిడ వచ్చింది, మోకాళ్ళ నెప్పులని. నేను తలుపు దగ్గరే చెప్పబోతే ఆవిడ, "మీరు అక్కగారంటగా, మీకు దగ్గరుండి తెలియదులెండి" అంది.

నేను చెల్లితో అన్నాను, "వాళ్ళకి నువ్వే చెప్పు, ఇది జబ్బని. వచ్చి పసుపు రాస్తుంటే ఊరుకుంటావేంటి?"

"రానియ్యక్కా. వాళ్ళ నమ్మకం వాళ్ళది. మనకేం పోయింది."

పోయింది. శుక్రవారం శుక్రవారం దాని చేతులు ముడుచుకోవడం మొదలైంది. అంతకు ముందు అంత వరసగా ఎప్పుడూ లేదు. వాళ్ళు వచ్చేటప్పటికి సోఫాలో పెదాలు బిగబట్టుకుని కూర్చునేది. వాళ్ళు దణ్ణాలు పెట్టి వెళ్ళాక మెల్లిగా లేచి వెళ్ళి మాత్ర వేసుకునేది. ఆ వచ్చేపోయేవాళ్ళ సందడిలో, మాత్రలు మింగుతున్నా చేతులెందుకు ముడుచుకుంటున్నాయని నేను కూడా అడగలేదు. మరిదిగారు శుక్రవారం కూడా షాపులోనే ఉంటారు.

ఒక రోజు వాషింగ్ మెషీన్లోంచి దాని చీర తీస్తుంటే కొంగు చివర ముడి. ముడిలో తెల్లగా ముద్ద. విప్పి చూస్తే మాత్రలు, నీళ్ళలో నాని సున్నంలా అయిపోయి. తీసుకెళ్ళి దాని ముందు పెట్టాను.

"ఏంటే ఇది?"

వేలితో కొంచెం తీసి నలిపి చూసింది.

"వాళ్ళు కాళ్ళకి దణ్ణం పెట్టాలని మాత్రలు మానేస్తున్నావా? నీకేమన్నా మతిపోయిందా?"

"ఛీ. దణ్ణాల కోసం ఎవరు మానతారే? వాళ్ళొస్తే మీరు నన్ను అడగరని రానిస్తున్నాను, అంతే."

"మరి దేనికి?"

చెల్లి నా వైపు చూసింది. చిన్నప్పుడు పొలంలో ఏదైనా నాకంటే ముందు కనిపెడితే ఎలా చూసేదో అలాగే చూసింది.

"నాన్న ఏం చేసేవాడో మర్చిపోయావా? మూన తిరగని మడికి నీళ్ళు తీసేసేవాడు. నేల నెర్రె విచ్చే దాకా ఆరబెట్టేవాడు. అప్పుడు వేరు కిందకి దిగేది. ఎప్పుడూ నీళ్ళు నిలవగడితే వేరుకి దిగే పనేముంది? నేను మూడు పూటలా కాల్షియం మింగుతుంటే ఆ గింజకి లేవాల్సిన పనేముందే? ఆరబెట్టాలి. ఆకలేస్తే అదే లేస్తుంది."

అమ్మడూ, నాకది సరిగ్గానే వినపడింది. మా ఇద్దర్నీ ఒక్క తండ్రే పెంచాడుగా. నీకు ఫోను చేస్తే నువ్వు కూడా కొట్టిపారెయ్యకుండా అన్నావు, "అమ్మమ్మా, అందులో కొంచెం నిజం లేకపోలేదు. గింజ ప్రాణంతో ఉంటే కాల్షియం కాస్త తక్కువున్నప్పుడే లేస్తుంది. డాక్టర్లు కూడా మరీ నిండుగా ఉంచరు. కానీ ఎంత తక్కువ అనేది వాళ్ళు చూసుకోవాలి. చిన్నమ్మమ్మ మాత్రం గొంతు పట్టేసే దాకా ఆరబెట్టేస్తుంది." ఆ మాట దానికి చెప్పాను. "సరేలే, ఆరబెట్టడం మానేస్తాను" అంది.

మానింది. అంటే మాత్రలే మానింది. నా ఎదురుగా నోట్లో వేసుకుని, నేను అటు తిరగ్గానే తీసేసేదని తర్వాత తెలిసింది.

అది శుక్రవారం కూడా కాదు. మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నాకు హాల్లోకి ఒక చప్పుడు వినపడింది. మనిషి గొంతులోంచి అలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఊపిరి లోపలికి లాగుతుంటే సన్నని కీచు, ఖాళీ కుళాయి కూసినట్టు. వెళ్ళేటప్పటికి చెల్లి గ్రిల్లు పట్టుకుని వంగిపోయి ఉంది, మొహం నీలంగా ఉంది, కళ్ళు మాత్రం నావైపే ఉన్నాయి. గొంతులో కండరం మూసుకుపోయింది. నేను అరిచిన అరుపుకి నాలుగో ఫ్లోరావిడ పరుగెత్తుకొచ్చింది. ఈసారి పసుపు నీళ్ళు తేలేదు. చెల్లి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది, తర్వాత గబగబా కిందికెళ్ళి కారు తీయించింది. ఆ మాట చెప్పాలి ఆవిడ గురించి.

ఐసీయూలో ఉంచారు. మరిదిగారు షాపు మూసేసి వచ్చి, గ్రీజు చేతులతోనే బయట కూర్చున్నారు. "వదినగారూ, మాత్ర నేనే వేయించి వెళ్ళేవాణ్ణి పొద్దున్న, మింగిందా లేదా అని చూడలేదు" అన్నారు. "మింగడం కూడా చూడాలని ఎవరికి తెలుసండీ" అన్నాను.

అది బతికి బయటపడింది. ఆడవాళ్ళు మళ్ళీ రాలేదు. అమ్మవారు వెళ్ళిపోయిందని అనుకున్నారట. జంక్షనావిడ ఒక్కసారి ఫోను చేసి, మోకాళ్ళు మళ్ళీ మామూలేనని నిష్ఠూరమాడింది.

ఆ తర్వాత మాత్రలు పెంచారు. మేమిద్దరం ఎదురుగా కూర్చుని మింగించేవాళ్ళం. నోరు తెరిచి చూపించేది, బడిపిల్లలా. చేతులు ముడుచుకోవడం తగ్గింది. నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను. నడుం పక్కన నెప్పి అంటుంటే బట్టలుతికిన నెప్పనుకున్నాం. స్కాను తీస్తే కిడ్నీల్లో రాళ్ళు. రాళ్ళే కాదు, కిడ్నీ కండ అంతా తెల్లగా కాల్షియం పేరుకుందట. నువ్వే చెప్పావు, పారబొయ్యొద్దని కిడ్నీకి చెప్పేది ఆ గింజేగా. అది లేదు. మనం పైనించి పోసిందంతా కిడ్నీలోకి జారిపోతోంది. కావాల్సిన చోట ఉండదు, వద్దన్న చోట గడ్డకడుతుంది.

నిన్న పెద్ద డాక్టరుగారు మరిదిగార్నీ నన్నూ లోపలికి పిలిచారు. చెల్లి బయట బెంచీ మీద ఉంది. ఆయన మంచిగానే చెప్పారు, తిప్పకుండా చెప్పారు. నాటిన గింజ చనిపోయింది. రెండేళ్ళయ్యాక ఇంక లేవదు. ఎప్పుడో మొదట్లోనే పోయి ఉండొచ్చు, ఆరబెట్టినా ఆరబెట్టకపోయినా. కిడ్నీలు సగానికి పైగా పోయాయి. కాల్షియం పెంచితే ఉన్న కిడ్నీ పోతుంది, తగ్గిస్తే గొంతు పట్టేస్తుంది. "ఈ రెంటి మధ్యనే నడిపించాలమ్మా. ఎంతకాలమని మాత్రం అడక్కండి" అన్నారు.

మరిదిగారు అడిగారు. "మళ్ళీ ఇంకోటి నాటలేరా అండీ? నాది తీసి పెట్టండి. నాలుగున్నాయన్నారుగా."

ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంకొకరిది పెడితే ఒళ్ళు ఊరుకోదట. ఊరుకోడానికి వాడే మందులు ఈ కిడ్నీలకి పడవట. మరిదిగారు "అలాగా అండీ" అని, లేచి, కుర్చీ సరిగ్గా బల్ల కిందకి జరిపి మరీ బయటికొచ్చారు.

చెల్లి మా మొహాలు చూసింది. "ఏమన్నారు?"

"మాత్ర మార్చారు" అన్నారు మరిదిగారు.

"గింజ సంగతి?"

నా వైపు చూశారాయన. నేను ఆటో కోసం రోడ్డు మీదకి చూశాను.

ఇవాళ పొద్దున్న మళ్ళీ వచ్చింది నా మంచం దగ్గరికి. మెడ పక్క నా వేలు పట్టుకుని పెట్టించుకుంది. మెత్తగా ఉంది, మెడ కండ, అంతే. "రాత్రి ఇక్కడ చిన్నగా కొట్టుకున్నట్టనిపించిందక్కా, మూన తిరుగుతోందేమో" అంది. మాత్ర కూడా అడక్కుండానే వేసుకుంది, నోరు తెరిచి చూపించింది. ఆ గింజ లేస్తుందన్న ఆశ మీదే అది ఈ రెండేళ్ళూ మింగింది, ఆ ఆశ మీదే మానింది. లేవదని తెలిస్తే ఇంక ఏ ఆశ మీద మింగుతుంది? చెప్పకపోతే మళ్ళీ ఎక్కడ ఆరబెడుతుందో తెలియదు. డాక్టరుగారు చెప్పి తీరాలన్నారు. మరిదిగారు నా వల్ల కాదు వదినగారూ అని పొద్దున్నే షాపుకెళ్ళిపోయారు. అంటే నేనే చెప్పాలి. ఈ సాయంత్రం దాన్ని కూచోబెట్టి, నా నోటితో నేనే, ఒసేయ్ నీ మెడలో ఏమీ లేదే, ఎప్పుడో...

"అక్కా! మనవరాలితో ఆ గుసగుసలేంటే? అన్నం పెట్టేశాను, చారు చల్లారిపోతోంది, రండి ఇద్దరూ!"

వస్తున్నానే. ఆపు, అమ్మడూ, లాప్టాప్ ముయ్యి, దానికి కనపడ్డానికి వీల్లేదు, మనం రాస్తున్నది ఏదో పచ్చళ్ళ గురించని